నాహాలో కారు అద్దెకు తీసుకోవాలా, వద్దా? ఒకినావా వెళ్లే కుటుంబానికి ప్రయాణాల లెక్క

ప్రశ్న: "హైదరాబాద్ నుంచి నలుగురం వెళ్తున్నాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. జపాన్ ద్వీపం ఒకినావాలోని నాహాలో ఐదు రాత్రులు ఉంటాం. జేఆర్ పాస్ కొనాలా? ఐదు రోజులూ కారు తీసుకుంటే సుఖమా?"

ముందు రెండింటికీ సూటిగా జవాబు. జేఆర్ పాస్ నాహా కోసం కొనకండి. ఒకినావాలో జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లు లేవు, బుల్లెట్ రైలు షింకన్‌సెన్ లేదు. ద్వీపంలో రైలు ప్రయాణం అంటే నాహా మోనోరైలు ఒక్కటే, దాని మీద ఆ పాస్ చెల్లదు. టోక్యో, ఒసాకా కూడా చూస్తున్నారంటే పాస్ రోజులు అక్కడే పూర్తయ్యేలా చూసుకోండి. ఇక కారు ఐదు రోజులకూ వద్దు. ఉత్తరం వైపు వెళ్లే ఒకటి రెండు రోజులకు మాత్రం తీసుకోండి. నాహా ఊళ్లో కారు ఉంటే సుఖం కన్నా చాకిరీ ఎక్కువ.

ఎందుకో చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒకినావాలో చిన్న రైలు మార్గం ఉండేది. 1914లో మొదలైన ఆ మార్గం 1945 యుద్ధంలో ధ్వంసమైంది, మళ్లీ కట్టలేదు. తర్వాత 1972 దాకా అమెరికా పాలన నడిచింది. రోడ్లు వేశారు తప్ప పట్టాలు వేయలేదు. అందుకే ఇప్పటికీ అక్కడివాళ్లు ఆఫీసుకైనా బడికైనా కారు మీదే వెళ్తారు, నాహా రోడ్లు పొద్దున, సాయంత్రం గట్టిగా జామ్ అవుతాయి. మ్యాప్‌లో 20 నిమిషాలని చూపించిన దారి సాయంత్రం ఐదున్నరకు 50 నిమిషాలు పట్టడం మామూలే. దానికి తోడు ఊళ్లో చాలా హోటళ్లు పార్కింగ్‌కు రాత్రికింత అని విడిగా తీసుకుంటాయి, స్థలం ముందే నిండిపోతే పక్క వీధిలో డబ్బులిచ్చి పెట్టుకోవాలి. ఊరు మాత్రం పెద్దది కాదు. మీరు చూడాలనుకునే వాటిలో ముప్పాతిక వంతు మోనోరైలు స్టేషన్ల నుంచి నడక దూరంలోనే ఉన్నాయి.

బస ఎక్కడ

ప్రయాణాల సుఖం సగం హోటల్ ఎంపికలోనే తేలిపోతుంది. కెన్‌చోమాయె, మియెబాషి, మాకిషి, ఈ మూడు స్టేషన్లలో ఏదో ఒకదానికి దగ్గరగా తీసుకోండి. కొకుసాయ్ దోరి అనే ప్రధాన వీధి సుమారు 1.6 కిలోమీటర్లు ఉంటుంది. కెన్‌చోమాయె దగ్గర మొదలై మాకిషి మీదుగా అసాతో దాకా వెళ్తుంది. దూరప్రాంత బస్సుల పని ఎక్కువ పెట్టుకుంటే అసాహిబాషి మంచిది. నాహా బస్ టెర్మినల్ ఆ స్టేషన్‌కు ఆనుకునే ఉంది, వంతెన మీదుగా నేరుగా నడిచి వెళ్లొచ్చు.

హోటల్ పేజీలో "స్టేషన్ నుంచి నడక 5 నిమిషాలు" అని చూసి మోసపోకండి. జపాన్‌లో ఈ నిమిషాలను సాధారణంగా నిమిషానికి 80 మీటర్ల లెక్కన వేస్తారు. ఎండ, ఎత్తుపల్లాలు, చేతిలో పెట్టె, అమ్మగారి మోకాళ్లు ఆ లెక్కలోకి రావు. పది నిమిషాలంటే 800 మీటర్లు. జూలై ఎండలో అది చిన్న దూరం కాదు. మీ నలుగురికీ ఐదు నిమిషాల లోపు ఉన్నదే చూసుకోండి.

మోనోరైలు

దీని పేరు యుయ్ రైల్. 2003 ఆగస్టు 10న విమానాశ్రయం నుంచి షురి దాకా మొదలైంది. 2019 అక్టోబరులో మరో నాలుగు స్టేషన్లు కలిపి తెదాకో ఉరానిషి దాకా పొడిగించారు. మొత్తం 19 స్టేషన్లు, 17 కిలోమీటర్లు. ఆ చివర నుంచి ఈ చివరకు 40 నిమిషాల లోపే. విమానాశ్రయం నుంచి కెన్‌చోమాయెకు 12, 13 నిమిషాలు, షురికి అరగంట లోపు. పొద్దున ఆరింటి ప్రాంతంలో మొదలై రాత్రి పదకొండున్నర దాటాక ఆగిపోతుంది. రాత్రి ఆలస్యంగా దిగే విమానమైతే టాక్సీయే దిక్కు.

విమానాశ్రయంలో స్టేషన్ దేశీయ టెర్మినల్ వైపు ఉంది. మీరు అంతర్జాతీయ విమానంలో దిగినా, మధ్యలో కట్టిన అనుసంధాన భవనం గుండా లోపల్లోపలే నడిచి రావచ్చు. రెండో అంతస్తు నుంచి స్టేషన్‌కు నడక వంతెన ఉంటుంది. ఎలివేటర్లు ఉన్నాయి, అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

టికెట్ విషయంలో కొత్తవాళ్లు ఒకచోట ఆగిపోతారు. మెషిన్ ఇచ్చే కాగితం టికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని గేటులో దూర్చడానికి సందు వెతకకండి, అలాంటిది లేదు. కోడ్ ఉన్న వైపు కిందికి తిప్పి గేటు మీది గాజు పలక దగ్గర చూపించాలి. దిగేచోట మళ్లీ అలాగే చూపించి బయటికి రావాలి, కాబట్టి మధ్యలో పారేయకూడదు. కోడ్ మీద మడత పడినా, చెమటకు తడిసినా గేటు చదవదు. పాప టికెట్ కూడా మీ దగ్గరే ఉంచుకోండి. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు సగం చార్జీ. మెషిన్‌లో పిల్లల బటన్ నొక్కి తీసుకోవాలి.

ఎక్కువసార్లు ఎక్కి దిగే రోజుకు ఒక రోజు పాస్, రెండు రోజుల పాస్ ఉన్నాయి. వీటిలో మంచి సంగతి ఏమిటంటే లెక్క తేదీతో కాదు, గంటలతో. ఒక రోజు పాస్ తీసుకున్న క్షణం నుంచి 24 గంటలు, రెండు రోజులది 48 గంటలు చెల్లుతుంది. మధ్యాహ్నం మూడింటికి విమానాశ్రయంలో తీసుకుంటే మర్నాడు మూడింటి దాకా తిరగొచ్చు. షురి కోటలాంటి కొన్ని చోట్ల ఈ పాస్ చూపిస్తే ప్రవేశ రుసుములో తగ్గింపు కూడా ఇస్తారు. విడి టికెట్ దూరాన్ని బట్టి 300 యెన్లకు అటూ ఇటూ ఉంటుంది. మెషిన్ మీద రెండు ధరలూ కనిపిస్తాయి. పాస్ ధరను 300తో భాగించి చూసుకుంటే, ఆ 24 గంటల్లో అన్నిసార్లు ఎక్కుతారో లేదో అక్కడే తేలిపోతుంది.

టోక్యోలో వాడిన సుయికా, పాస్మో, ఒసాకాలో వాడిన ఇకోకా అనే ప్రయాణ కార్డులు 2020 మార్చి నుంచి మోనోరైలులో పనిచేస్తున్నాయి. ఒకినావాకు సొంత కార్డు కూడా ఉంది, పేరు ఓకికా. అది మోనోరైలులోనూ, ద్వీపంలోని నాలుగు పెద్ద బస్సు కంపెనీల్లోనూ నడుస్తుంది, కానీ జపాన్ ప్రధాన భూభాగంలో నడవదు. సుయికా సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. దేశంలో చాలా చోట్ల నడుస్తుంది, నాహాలో మోనోరైలు వరకు నడుస్తుంది, ఊళ్లో మామూలు బస్సులో మాత్రం నడవదు. ఇది తెలియక బస్సు దిగేటప్పుడు సుయికా చేత్తో పట్టుకుని నిలబడితే వెనక లైను ఆగిపోతుంది. ఫోన్‌లో సుయికా పెట్టుకోవాలనుకుంటే ఐఫోన్ 8 నుంచి పైవాటిలో పెట్టుకోవచ్చు. మన దగ్గర కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో దానికి కావలసిన చిప్ ఏర్పాటు ఉండదు కాబట్టి ప్రయత్నం దండగ.

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పెట్టెలతో మోనోరైలు ఎక్కకండి. చాలా రైళ్లకు రెండే బోగీలు, 2023 నుంచి కొన్నింటికి మూడు. పెద్ద సూట్‌కేసులు నాలుగు పెట్టడానికి చోటు ఉండదు. ఆ వేళలో దిగితే టాక్సీలు చూసుకోండి. విమానాశ్రయం ఊరికి దగ్గరే కాబట్టి భారం కాదు.

ఏ స్టేషన్‌లో దేనికి దిగాలి

మార్కెట్, కుండల వీధి చూడటానికి మాకిషి. అక్కడ నుంచి కొకుసాయ్ దోరి దాటితే హెయివా దోరి, ఇచిబా హోన్‌దోరి అనే కప్పు వేసిన సందులు మొదలవుతాయి. వాన పడుతున్నా, ఎండ మండుతున్నా ఆ కప్పుల కింద చాలా దూరం నడవొచ్చు. నాహాలో వాన రోజుకు ఇంతకన్నా మంచి చోటు లేదు. కొత్త భవనంలో 2023 మార్చిలో తిరిగి తెరిచిన మాకిషి పబ్లిక్ మార్కెట్ ఆ సందుల్లోనే ఉంది. హెయివా దోరి చివరిదాకా వెళ్తే త్సుబోయా కుండల వీధి తగులుతుంది.

కెరామా దీవుల పడవలకు మియెబాషి. నామినోవె గుడి, దాని పక్కనున్న చిన్న బీచ్‌కు అసాహిబాషి లేదా కెన్‌చోమాయె నుంచి 15, 20 నిమిషాల నడక. అమ్మగారితో అయితే టాక్సీ. యుద్ధ చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఉరాసోయె మాయెదాలో దిగితే 1945లో ఘోరంగా పోరు నడిచిన మాయెదా కొండ అంచు, ఉరాసోయె కోట శిథిలాలు దగ్గర్లో ఉన్నాయి.

షురి కోట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇబ్బంది పడతారు. కోట ఎత్తు మీద ఉంది. షురి స్టేషన్ నుంచి ప్రవేశం దాకా నడక సుమారు 15 నిమిషాలు, తర్వాత లోపల మెట్లు. పాపా మీరూ నడవండి, అమ్మగారిని స్టేషన్ నుంచి టాక్సీలో కోట ముందు దింపించండి, లేదా షురిజోమాయె స్టాపు మీదుగా వెళ్లే 7, 8 నంబరు సిటీ బస్సులు చూసుకోండి. కోట దగ్గర మెట్లు లేని దారి అడిగితే సిబ్బంది చూపిస్తారు. 2019 అక్టోబరు 31 తెల్లవారుజామున జరిగిన అగ్నిప్రమాదంలో ప్రధాన భవనం కాలిపోయింది. 2026 శరత్కాలానికి పునర్నిర్మాణం పూర్తి చేయాలన్నది ప్రణాళిక. కాబట్టి వెళ్లే ముందు ఏ భాగాలు తెరిచి ఉన్నాయో కోట వెబ్‌సైట్‌లో చూసుకోండి. కోట పక్కనే 1501లో కట్టిన రాజుల సమాధి తామాఉదున్ ఉంది, దాన్ని వదలొద్దు.

కోట నుంచి దక్షిణంగా కిందికి దిగే కిన్‌జో రాతి బాట చాలా అందంగా ఉంటుంది, సుమారు 300 మీటర్లు. కానీ అది పగడపు సున్నపురాయి. వాన పడ్డాక ఆ రాళ్లు నూనె పూసినట్టు జారుతాయి, వాలు కూడా బాగా నిటారు. అమ్మగారిని అటు తీసుకెళ్లకండి. మీరు వెళ్తే కిందికి మాత్రమే దిగండి. మళ్లీ పైకి ఎక్కి రావాలనుకోకుండా కింద రోడ్డు మీద టాక్సీ ఎక్కండి.

బస్సులు

మోనోరైలు అందని చోట్లకు బస్సే. ఇందులో పద్ధతి తెలియాలి. నాహా సిటీ లోపల తిరిగే సర్వీసుల్లో చార్జీ ఒకటే, ఎక్కేటప్పుడే ఇచ్చేయాలి. ఊరు దాటి వెళ్లే సర్వీసుల్లో ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఉన్న పెట్టె నుంచి చిన్న కాగితం చీటీ తీసుకోవాలి. దాని మీద ఒక నంబరు ఉంటుంది. డ్రైవరు పైన బోర్డు మీద నంబర్ల కింద యెన్లు కనిపిస్తాయి, స్టాపులు గడిచేకొద్దీ అంకెలు పెరుగుతాయి. ఉదాహరణకు మీ చీటీ 5 అయితే, దిగేటప్పుడు బోర్డులో 5 కింద ఎంత ఉందో అంత. చీటీని, చిల్లరను కలిపి డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేయాలి. చీటీ తీసుకోకపోతే బస్సు బయల్దేరిన చోటు నుంచి చార్జీ అడగొచ్చు. కాబట్టి నలుగురూ నాలుగు చీటీలు తీసుకోండి.

ఆ పెట్టె చిల్లర తిరిగి ఇవ్వదు. పక్కనే చిల్లర మార్చే సందు వేరే ఉంటుంది, అది 1,000 యెన్ల నోటు, నాణేలు తీసుకుంటుంది. 5,000, 10,000 నోట్లు పనికిరావు. బస్సు ఎక్కే ముందే ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనో నీళ్ల సీసా కొని నోటు మార్చుకోండి. చిల్లర మార్చే పని దిగే స్టాపు దాకా ఉంచకుండా, సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు ముందుకెళ్లి చేసుకుంటే హడావుడి ఉండదు. కొన్ని బస్సుల్లో ఇప్పుడు కార్డు తాకించే పరికరం కనిపిస్తుంది, కానీ దాన్నే నమ్ముకుని చేతిలో నాణేలు లేకుండా ఎక్కొద్దు. ఒకినావాలో మీ చేతికి 2,000 యెన్ల నోటు వస్తే నకిలీ అనుకోకండి. 2000లో విడుదలైన ఆ నోటు మీద షురి కోట ద్వారం షురేయ్‌మోన్ బొమ్మ ఉంటుంది. ప్రధాన భూభాగంలో అరుదు, ఇక్కడ బాగానే తిరుగుతుంది.

స్టాపులో నిలబడినంత మాత్రాన బస్సు ఆగుతుందనుకోకండి. బస్సు కనపడగానే, నంబరు మీదేనని తేలగానే చెయ్యెత్తి చూపించాలి. ఒకే స్టాపు గుండా పది నంబర్లు పోతుంటే, చెయ్యెత్తనివాళ్లను డ్రైవరు వేరే బస్సు కోసం ఉన్నారనుకుని దాటిపోతాడు. ఇంకో తంటా, ఒకే పేరుతో అనేక స్తంభాలు. కెన్‌చో కితాగుచి స్టాపు చూడండి, రోడ్డుకు అటూ ఇటూ, మలుపుకు ముందూ వెనకా వేర్వేరు స్తంభాలు ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్ ఒక్కోసారి తప్పు వైపు నిలబెడుతుంది. స్తంభం మీద మీ బస్సు నంబరు ఉందో లేదో కళ్లారా చూసుకోండి. బస్ నావి ఒకినావా అనే యాప్‌లో బస్సు ఇప్పుడు ఎక్కడుందో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో కనిపిస్తుంది. టైమ్‌టేబుల్ కన్నా దాన్ని నమ్మండి. శని, ఆదివారాల టైమ్‌టేబుల్ వేరుగా ఉంటుంది, కొన్ని సర్వీసులు తగ్గిపోతాయి.

ఆదివారం మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా కొకుసాయ్ దోరిలోకి వాహనాలు రానివ్వరు. వీధి పూర్తిగా నడిచేవాళ్లదే, పాపకు బాగుంటుంది. అయితే ఆ వేళలో బస్సులు దారి మళ్లుతాయి, టాక్సీ మీ హోటల్ గుమ్మం దాకా రాలేకపోవచ్చు. పెట్టెలతో దిగేది ఆదివారం మధ్యాహ్నమైతే వెనక వీధిలో దింపమని ముందే చెప్పాలి. పని దినాల్లో పొద్దున, సాయంత్రం బస్సులకే వదిలేసే వేళలు కూడా ఆ వీధిలో ఉన్నాయి. అద్దె కారుతో అందులోకి దూరితే జరిమానా. బోర్డు జపనీస్‌లో ఉంటుంది, నావిగేషన్ చెప్పకపోవచ్చు. ఆ వీధిని కారుకు అసలు లేదనే అనుకోండి.

ఉత్తరానికి

అందరూ వెళ్లే చురాఉమి అక్వేరియం మోతోబులో ఉంది, నాహా నుంచి సుమారు 90 కిలోమీటర్లు. కారులో రెండు గంటలు. కారు లేకుండా వెళ్లాలంటే విమానాశ్రయం, నాహా ఊళ్లో కొన్ని స్టాపుల నుంచి యాన్‌బారు ఎక్స్‌ప్రెస్ బస్సు, 117 నంబరు ఎక్స్‌ప్రెస్ బస్సు ఉన్నాయి, రెండు నుంచి రెండున్నర గంటలు. 111 నంబరు ఉత్తరాన ఉన్న నాగో ఊరి దాకా వెళ్తుంది, అక్కడ 65, 66 లేదా 70 పట్టుకోవాలి. ఈ మారే దారి పాపతో, అమ్మగారితో వద్దు, ఒక బస్సు తప్పితే గంట పోతుంది. ఇద్దరిలో ఎవరికీ డ్రైవింగ్ ధైర్యం లేకపోతే నాహా నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రం తెచ్చి దింపే టూరు బస్సు తీసుకోండి. చూసే చోట్లకు సమయం బిగించి ఉంటుంది, కానీ అమ్మగారికి అలసట తక్కువ.

చాతాన్‌లోని అమెరికన్ విలేజ్‌కు మాత్రం కారు అక్కర్లేదు. 58 నంబరు జాతీయ రహదారి మీద పోయే 20, 28, 29, 120 బస్సులు అటు వెళ్తాయి. సూర్యాస్తమయానికి అక్కడుండేలా వెళ్లి, జామ్ తగ్గాక తిరిగి రండి.

కారు తీసుకునే రోజు

లైసెన్స్ కాగితాలే మొదటి అడ్డంకి. జపాన్ ఒప్పుకునేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మాత్రమే. భారత్ ఆ ఒప్పందంలో ఉంది. కాబట్టి హైదరాబాద్‌లో మీ ఆర్టీఏ ఆఫీసు, ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే పర్మిట్ చాలు, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుబాటు. పర్మిట్, అసలు లైసెన్స్, పాస్‌పోర్ట్, మూడూ కౌంటర్‌లో చూపించాలి. ఫొటోకాపీలు, ఫోన్‌లోని డిజిలాకర్ కాపీ ఒప్పుకోరు. ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకుని పంపే "ఇంటర్నేషనల్ లైసెన్స్" బుక్‌లెట్లు పూర్తిగా చెల్లవు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు అక్కడి లైసెన్స్ మీద అక్కడే పర్మిట్ తీసుకోవాలి. జర్మనీ లైసెన్స్ ఉన్నవాళ్లకు దారి వేరు: జర్మన్ పర్మిట్ జపాన్‌లో చెల్లదు, లైసెన్స్‌కు జపాన్ ఆటోమొబైల్ ఫెడరేషన్ చేసే జపనీస్ అనువాదం కావాలి.

కారు చేతికి రావడానికి టైం పడుతుంది. నాహా విమానాశ్రయంలో చాలా కంపెనీల ఆఫీసులు టెర్మినల్‌లో ఉండవు. షటిల్ బస్సు ఎక్కి బయటి ఆఫీసుకు వెళ్లి, అక్కడ లైనులో నిలబడి కాగితాలు రాయాలి. సెలవు రోజుల్లో దిగిన దగ్గర నుంచి స్టీరింగ్ పట్టుకునే దాకా గంట దాటుతుంది. అందుకే దిగిన రోజే తీసుకోవద్దు. ఊళ్లో ఉన్న శాఖ నుంచి, మీరు ఉత్తరానికి వెళ్లే రోజు పొద్దున తీసుకుని ఆ రాత్రికో మర్నాటికో ఇచ్చేయండి. ఆరేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు చట్టం ప్రకారం తప్పనిసరి. మీ పాపకు ఎనిమిది, అయినా ఎత్తు తక్కువైతే బెల్టు మెడకు కోసుకోకుండా జూనియర్ సీటు అడిగి పెట్టించండి.

బండి నడిపేది ఎడమ వైపే, మనకు అలవాటైనదే. ఒకినావాలో 1978 జూలై 30 దాకా అమెరికా పద్ధతిలో కుడి వైపు నడిపేవారు, ఆ ఒక్క రోజుతో ద్వీపమంతా ఎడమకు మార్చారు. ఎడమ అలవాటే కదా అని ధీమా పడితే మాత్రం ప్రమాదం. మన దగ్గర ఫ్రీ లెఫ్ట్ ఉన్నట్టు అక్కడ లేదు. ఎర్ర లైటు ఉంటే ఎడమకు తిరగడానికి కూడా ఆగాల్సిందే, పచ్చ బాణం ఉంటే తప్ప. తలకిందుల త్రికోణం ఎర్ర బోర్డు కనపడితే వేగం తగ్గించడం చాలదు, చక్రాలు పూర్తిగా ఆగాలి. పోలీసులు కాపు కాసేది అక్కడే. జీబ్రా గీతల దగ్గర మనిషి నిలబడి ఉంటే ఆగి దారి ఇవ్వాలి. హారన్ వాడకండి.

వాన పడితే వేగం బాగా తగ్గించండి. ఒకినావా రోడ్ల తారులో స్థానిక సున్నపురాయి కంకర కలుస్తుంది, అది అరిగి నున్నబడి తడిస్తే టైరుకు పట్టు దొరకదు. సిగ్నల్ దగ్గర ముందు బండికి రెట్టింపు దూరం ఉంచుకోండి. మద్యం తాగిన మనిషికి ఒక్క బీరు మీద కూడా స్టీరింగ్ ఇవ్వొద్దు. తాగి నడపడం మీద శిక్షలు చాలా కఠినం, తెలిసీ పక్కన కూర్చున్నవాళ్లకు కూడా శిక్ష పడుతుంది. రాత్రి భోజనాల చోట దాయికో అనే సేవ ఉంటుంది. ఇద్దరు డ్రైవర్లు వస్తారు, ఒకరు మీ కారు నడుపుతారు, ఇంకొకరు వాళ్ల బండిలో వెనక వస్తారు. హోటల్‌కు చెబితే పిలుస్తారు. అద్దె కారును వేరేవాళ్లు నడపొచ్చో లేదో ఒప్పంద పత్రంలో ముందే చూసుకోండి.

ఎక్స్‌ప్రెస్‌వే నాహా నుంచి నాగో దగ్గరి క్యోదా దాకా 57.3 కిలోమీటర్లు, టోల్ సుమారు 1,000 యెన్లు. ఈటీసీ (ఆగకుండా టోల్ కట్టే) కార్డు అద్దెకు తీసుకోకపోతే టోల్ గేటులో ఈటీసీ అని మాత్రమే ఉన్న వరుసలోకి వెళ్లకండి, మామూలు వరుసలో చీటీ తీసుకుని దిగేచోట నగదు ఇవ్వండి. పొరపాటున దూరితే వెనక్కి తీయకుండా ఆగి, ఇంటర్‌కామ్‌లో చెప్పాలి. నావిగేషన్‌లో చిరునామా కొట్టడం కష్టం. చోటు ఫోన్ నంబరో, మ్యాప్‌కోడ్ అనే అంకెలో కొట్టండి. చూడాలనుకున్న చోట్ల మ్యాప్‌కోడ్లు ముందే రాసి పెట్టుకుంటే సగం చికాకు తప్పుతుంది.

చిన్న గీత పడినా పోలీసులకు 110కి ఫోన్ చేయాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే 119 కూడా. పోలీసు నమోదు లేకపోతే కంపెనీ బీమా వర్తించదు. బీమా ఉన్నా, బండి మరమ్మతుకు పోయిన రోజులకు నష్టపరిహారం అంటూ విడిగా పదివేల యెన్లలో వసూలు చేస్తారు. దాన్ని కూడా కవర్ చేసే అదనపు ప్లాన్ తీసుకోవడం మంచిది, రోజుకు పెద్ద మొత్తం కాదు.

పడవలు

కెరామా దీవులు 2014లో జాతీయ ఉద్యానం అయ్యాయి, అక్కడి నీళ్లు చూడకుండా రావొద్దని నా గట్టి అభిప్రాయం. నాహాలోని తోమారి రేవు నుంచి ఆ దీవుల్లో ఒకటైన తొకాషికికి వేగం పడవ సుమారు 35, 40 నిమిషాలు, ఫెర్రీ 70 నిమిషాలు. ఇంకో దీవి జామామికి వేగం పడవ 50 నుంచి 70 నిమిషాలు, ఫెర్రీ రెండు గంటలు.

అందరూ తప్పే చోటు ఒకటుంది. తోమారిన్ అనే పెద్ద భవనం ముందు అన్ని పడవలూ ఆగవు. జామామి ఫెర్రీ అక్కడ నుంచే. జామామి వేగం పడవ, తొకాషికి వెళ్లే రెండు పడవలూ ఉత్తర ఒడ్డు నుంచి బయల్దేరతాయి, అంటే రేవు చుట్టూ తిరిగి అవతలికి నడవాలి. సుమారు పది నిమిషాలు. మియెబాషి స్టేషన్ నుంచి భవనానికి మరో 10, 15 నిమిషాలు. పడవ బయల్దేరడానికి గంట ముందు హోటల్ వదలండి, లేదా టాక్సీ డ్రైవరుకు తోమారి కితాగాన్ (ఉత్తర ఒడ్డు) అని స్పష్టంగా చెప్పండి. వేసవిలో వేగం పడవ టికెట్లు చాలా ముందుగా అయిపోతాయి. తిరుగు టికెట్ కూడా ఒకేసారి తీసుకోండి. దీవిలో దిగేవాళ్లకు మనిషికి 100 యెన్ల పర్యావరణ పన్ను ఉంటుంది.

సముద్రం ఒప్పుకోకపోతే పడవ రద్దు. చలికాలంలో ఉత్తర గాలి, జూలై నుంచి అక్టోబరు దాకా తుపాన్లు, రెండూ పడవలను ఆపుతాయి. తుపాను చాలా దూరంలో ఉన్నా దాని అలలు ముందు వస్తాయి, నాహాలో ఎండ కాస్తున్నా పడవ నడవకపోవచ్చు. వేగం పడవ రద్దయినా ఫెర్రీ నడిచే రోజులున్నాయి. కాబట్టి ఒకటి పోయిందని వెనక్కి రాకుండా రెండోది అడగండి. ఆ రోజు నడుస్తుందో లేదో పొద్దునే కంపెనీ వెబ్‌సైట్‌లో పెడతారు. వెళ్లాక తిరుగు పడవ ఆగిపోతే ఆ రాత్రి దీవిలోనే ఉండాలి. అందుకని దీవి ప్రయాణాన్ని తిరుగు విమానానికి ముందు రోజు ఎప్పుడూ పెట్టొద్దు. మీ ఐదు రాత్రుల్లో రెండో రోజుకు పెట్టండి. రద్దయితే మూడో రోజో నాలుగో రోజో ఉంటుంది. ఉత్తరం రోజును, షురి రోజును దాని చుట్టూ జరపొచ్చు, పడవను జరపలేం.

అమ్మగారికి తల తిరిగే స్వభావం ఉంటే వేగం పడవ కన్నా ఫెర్రీ మేలు, కుదుపు తక్కువ. మాత్ర అరగంట ముందు వేసుకోవాలి, పడవ కదిలాక కాదు. తొకాషికి రేవు నుంచి అహారెన్ బీచ్‌కు బస్సు ఉంటుంది, పడవ రాకను బట్టి బయల్దేరుతుంది. జామామిలో ఫురుజామామి బీచ్ నడకకు 20 నిమిషాల లోపే గానీ మధ్యలో ఎత్తు ఉంది, గ్రామ బస్సు చూసుకోండి.

టాక్సీ

తలుపు డ్రైవరే తెరుస్తాడు, మూస్తాడు, మీరు లాగకండి. గో, దీదీ యాప్‌లు నాహాలో పనిచేస్తాయి, గమ్యం యాప్‌లోనే ఉంటుంది కాబట్టి భాష అడ్డం రాదు. చాలా టాక్సీలకు నలుగురు ప్రయాణికుల దాకానే. మీ నలుగురూ సరిపోతారు, కానీ పెద్ద సూట్‌కేసులు నాలుగూ డిక్కీలో పట్టవు. రెండు టాక్సీలకు లెక్క వేసుకోండి.

తుపాను నేరుగా వచ్చే రోజు మోనోరైలు, బస్సులు, విమానాలు అన్నీ ఆగిపోతాయి, కొన్నిసార్లు టాక్సీలు కూడా. ముందు రోజు సాయంత్రానికే నీళ్లు, తినేవి కొని గదిలో పెట్టుకోండి. ఆ రాత్రికి స్టోర్ల అరలు ఖాళీ అవుతాయి. శాకాహారులైతే తెచ్చుకున్న పొడులు, అటుకులు ఆ రోజే పనికొస్తాయి.

కారు వాపసు ఇచ్చే రోజు పెట్రోలు నింపి రసీదు చూపించమంటారు. సెల్ఫ్ బంకులో మామూలు పెట్రోలుకు ఎర్ర గొట్టం, హై ఆక్టేన్‌కు పసుపు, డీజిల్‌కు ఆకుపచ్చ. మన దగ్గరి రంగుల అలవాటుతో చెయ్యి పోనివ్వకండి. విమానాశ్రయం దగ్గరి శాఖలో ఇస్తుంటే, విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండేలా బయల్దేరండి. బంకులో లైను, సాయంత్రం జామ్, షటిల్ బస్సు, మూడూ కలిసి గంటన్నర తినేస్తాయి. తోమారి, నామినోవె వైపు నుంచి వస్తుంటే 2011లో తెరిచిన సముద్రం కింది సొరంగం గుండా నేరుగా విమానాశ్రయం దగ్గర తేలొచ్చు, ఊరి మధ్య సిగ్నళ్లు చాలా వరకు తప్పుతాయి.